కాలని ఏడాది

పంట్లాము కాలులోకి రంపపు పొట్టు పోసి చీపురుకర్రతో కూరుతోంది దిగ్నా. గుప్పెడు పోయడం, కుక్కడం, ముక్కులోకి పోయిన పొట్టుకి తుమ్మడం, మళ్లీ గుప్పెడు. గ్వాయాకిల్ రేవుపట్నంలో డిసెంబరు ముప్పై ఒకటిన ప్రతి గడపలోనూ ఇదే పని. పాత ఏటికి ముసలాడి బొమ్మ చేసి, ఇంటాయన పాతబట్టలు తొడిగి, వీధిలో కూర్చోబెట్టి, అర్ధరాత్రి తగలబెడితే ఆ ఏటి పీడలన్నీ దాంతోపాటే పోతాయి.

"అంత గట్టిగా కుక్కకే, పిగిలిపోతుంది," అన్నాడు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఎలోయ్.

"పిగలనీ. ఈ ఏడాది చేసిన పనికి దీన్ని కాల్చేముందు నాలుగు తన్నాలి కూడా."

ఎలోయ్ నవ్వబోయాడు. నవ్వు సగంలో దగ్గయింది.

బతుకంతా అతను చేపల రేవులో ఐసు దిమ్మలు మోశాడు. దిమ్మ కింద గోనెపట్టా, గోనెపట్టా కింద ఎడమ భుజం. ఆ భుజం కిందికి జారి అలాగే ఉండిపోయింది. మెడ పక్కన చర్మం చలికి నల్లబడి మొద్దుబారింది. దిగ్నా బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేసింది. ఇద్దరూ జనవరిలోనే పని మానుకున్నారు. ఇక కాళ్లు చాపుకుని, పొద్దున్నే చేపల పులుసు తాగుతూ, ఉప్పుటేటి గాలికి కూర్చుని బతికేద్దామనుకున్నారు. తామొకటి తలిస్తే దైవమొకటి తలచింది.

మార్చిలో కూతురు నార్సిసా మొగుడు ఇంకో ఆడదాన్ని ఏకంగా ఇంట్లోకే తెచ్చి పెట్టుకున్నాడు. పుట్టింటికి రమ్మంటే నార్సిసా రాలేదు. ఓడిపోయినదానిలా వీధిలోవాళ్ల ముందు నడిచి రాలేనంది. మచాలా ఊళ్లో రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది. ఐసునీళ్లలో నాని దాని వేళ్లు పగిలిపోయాయి. తండ్రిని తిన్న ఐసే కూతుర్నీ తింటోందని దిగ్నా ఏడ్చింది. జూన్ వచ్చేసరికి కొడుకు విల్సన్ తాగుడు మానేశాడు. సంతోషించాల్సిన సంగతే, సంతోషించింది కూడా. కానీ తాగుడు మాన్పించిన ఆ ప్రార్థనామందిరమే, పాత ఏటి బొమ్మ విగ్రహారాధన అని వాడికి నేర్పింది. తండ్రీకొడుకులు మాటా మాటా అనుకున్నారు. "నా పాతచొక్కా నీకు దయ్యమయిందిరా?" అన్నాడు ఎలోయ్. విల్సన్ మళ్లీ గడప తొక్కలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆగస్టులో ఎలోయ్ గుండె నీరసించిపోయిందని డాక్టరు చెప్పాడు.

అందుకే ఈ రాత్రి పిల్లలిద్దరూ రావాలి. తండ్రి నిప్పంటించాలి, వాళ్లిద్దరూ చిన్నప్పట్లా ఆ మంట మీంచి దూకాలి. ఈ దిక్కుమాలిన ఏడాది నుంచి దిగ్నాకి కావలసింది అదొక్కటే. వచ్చే ఏడాది ఎలోయ్ ఈ కుర్చీలో ఉంటాడని ఆమెకి నమ్మకం లేదు.

మధ్యాహ్నం ఫోన్లు చేసింది.

"ఓడ లోడింగుందమ్మా. ఇవాళ సెలవడిగితే రేపట్నించి రావద్దంటారు," అంది నార్సిసా.

విల్సన్ రాత్రంతా ప్రార్థనలో ఉంటాడట. "నాన్నకోసం దేవుణ్ణి అడుగుతానమ్మా."

"దేవుణ్ణి తర్వాత అడుగుదువుగాని. ముందు నాన్ననొచ్చి అడగరా, ఎలా ఉన్నావని," అని ఫోను పెట్టేసింది.

బయటికొచ్చి, "వస్తామన్నారు," అంది మొగుడితో.

ఎలోయ్ ఆమె మొహంలోకి చూశాడు. "నీకు అబద్ధమాడటం ఎప్పుడూ చేతకాదే. రాకపోతే నువ్వే ముట్టించు."

పొద్దువాలేవేళ బొమ్మ పొట్టలో టపాకాయలు కూరి, ఎలోయ్ ఐసు ఫ్యాక్టరీ నీలం చొక్కా తొడిగింది. బజార్లో కొన్న బట్టతల ముసలాడి ముసుగు పెట్టి, మొగుడి పక్కన ఇంకో కుర్చీలో కూర్చోబెట్టింది. చొక్కా ఆ ఒంటికే అలవాటు పడిపోయింది కాబోలు, బొమ్మ కూడా ఎడమవైపుకే ఒరిగింది. దారిన పోతున్న రొట్టెల కొట్టు తెయోఫిలో ఆగి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"దిగ్నా అక్కా, ఇంతకీ ఇద్దర్లో ఎవర్ని తగలెడుతున్నావ్?"

"దగ్గేవాణ్ణి ఉంచుకుంటాలే. అలవాటైపోయాడు."

ఎలోయ్ కూడా నవ్వాడు. ఆమె లోపలికెళ్లి పులుసులోకి అరటికాయ తురమసాగింది.

కాసేపటికి వీధిలో ఏడుపులు లేచాయి. ఏటా ఉండేవే. కుర్రాళ్లు నల్లగౌన్లు వేసుకుని, గుడ్డలు కుక్కి రొమ్ములు పెట్టుకుని, పాత ఏటికి పెళ్లాలమంటూ ఇంటింటికీ వచ్చి ఏడ్చి చిల్లర అడుగుతారు.

"అయ్యో నా రాజా! నన్ను నడివీధిలో వదిలేసి పోతున్నావా! ఇంక నాకు ఐసెవడు తెచ్చిపెడతాడు నాయనోయ్!"

దిగ్నా గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. చాన్నాళ్ల తర్వాత కడుపారా నవ్వింది. ఎలోయ్ తల వాల్చి ఉన్నాడు. ఇంత గోలలోనూ నిద్రేనా అనుకుంది.

"చాల్లేవే ఏడ్చింది. మొగుడు పోతే అలా నడుం తిప్పుతారా?" అని చిల్లర వాళ్ల చేతిలో పెట్టింది. వాళ్లు కళ్లు తుడుచుకుంటూ పక్క గుమ్మానికి పోయారు.

గిన్నెలో పులుసు తెచ్చింది. "ఏవయ్యా, లే. వేడిగా ఉంది."

చెయ్యి పట్టుకుంటే బరువుగా జారిపోయింది. దిగ్నా గిన్నె కిందపెట్టి మెట్టు మీద కూలబడింది. ఏడుపు రాలేదు. తన మొగుడికి ఏడవాల్సిన ఏడుపంతా ఆ దొంగ పెళ్లాలు ఏడ్చి వెళ్లిపోయారు, తను నిలబడి నవ్వింది. ఆ నవ్వుకి తనని తాను ఎలా క్షమించుకోవాలో ఆమెకి తెలియలేదు.

కబురందగానే పిల్లలిద్దరూ వచ్చారు. నార్సిసా షెడ్డులో వేసుకునే రబ్బరు బూట్లతోనే బస్సెక్కేసింది. విల్సన్ ప్రార్థన మధ్యలో లేచి వచ్చాడు. తండ్రిని లోపల మంచం మీద పడుకోబెట్టారు. పన్నెండయింది. వీధంతా మంటలు, దూకుతున్న పిల్లల కేకలు. విల్సన్ బయటికి వెళ్లి చాలాసేపు బొమ్మ ముందు నిలబడి లోపలికొచ్చాడు. చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"అమ్మా, నేను ముట్టించనా? నాన్నకిష్టం కదా."

ఏ మాట కోసం ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసిందో ఆ మాటే. నార్సిసా కూడా లేచి నిలబడింది.

"వద్దురా," అంది దిగ్నా. "ఒకడు పోయింది చాలు. ఆ చొక్కా ఇంకా మీ నాన్న వాసనే వేస్తోంది."

"కాల్చకపోతే ఏడు పోదంటారుగా అమ్మా," అంది నార్సిసా.

"పోకపోతే ఉండనీవే. ఇంతకంటే ఇంకేం చేస్తుంది?"

తెల్లవారి కొత్త ఏటి మొదటి వాన పడింది. వీధిలో అందరి బూడిదా కొట్టుకుపోయింది. ఖాళీ కుర్చీ పక్కన, పొట్టలో టపాకాయలు తడిసిపోయి, ముసుగు రంగు నీలం చొక్కా మీదికి కారుతూ ఉండగా, పాత ఏడు ఇంకా కూర్చునే ఉంది.