అద్దం చల్లారేదాకా

అద్దాల పెద్దాయన చేతి వెనకభాగాన్ని కారు ముందద్దానికి ఆనించి చూశాడు. ముప్పై రెండేళ్ల పనికి అరచెయ్యి కాయలు కాసిపోయింది. దానికి వేడీ చల్లనా తెలియడం మానేసి చాలాకాలమైంది.

"ఇంకా కాలుతోందమ్మా. కాసేపు నీడలో ఉండనివ్వండి."

టీచరమ్మ గడియారం చూసుకుంది. రాయి తగిలిన మచ్చ కందిగింజంతే. బయట మండే ఎండ, లోపల దారంతా హోరెత్తిన ఏసీ; దాంతో మచ్చ నుంచి వెంట్రుకంత గీత సాగింది. నాలుగింటికి ఆసుపత్రి నుంచి తల్లిని పంపిస్తున్నారు. రెండు గంటల దారి. అద్దం పగిలితే కొత్తది రావడానికి మూడు రోజులు.

"ఆ జిగురేదో పోసేసి పంపించరాదూ? మా అమ్మ పొద్దున్నే సంచి సర్దుకుని కూర్చుంది."

"వేడి మీద పోస్తే గీత ఈ చివర నుంచి ఆ చివరికి పోతుంది. అప్పుడు అమ్మగారు మూడు రోజులు కూర్చోవాలి."

షెడ్డు యజమాని పెద్దాయనకి బావమరిదే. అతను నీళ్ల బకెట్టుతో వచ్చాడు. "ఓ చెంబుడు కొడితే చిటికెలో చల్లారుతుంది కదా బావా."

"దించు. చల్లారదు, చీలుతుంది. ఇన్నేళ్లుగా చెబుతున్నా నీ బుర్రకెక్కదు."

"ఎక్కే బుర్రే అయితే మా అక్కని నీకెందుకిస్తాం?"

టీచరమ్మకు నవ్వాగలేదు. స్టూలు మీద కూర్చుంది.

పెద్దాయన కారు తలుపులు నాలుగూ తెరిచిపెట్టాడు. ఆయన చేతిలో పగిలిన అద్దాలు రెండే, రెండూ తొందరపడినవే. నలభై నిమిషాల తర్వాత మళ్లీ చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి మచ్చలోకి జిగురు ఎక్కించాడు. కుడికన్ను మసకేసి మూడు నెలలైంది. ఎడమకన్నుతోనే పని ముగించాడు. ఇదే ఆఖరిదని బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నాలుగు దాటాక ఫోనొచ్చింది. "అమ్మ పక్కనే ఉందండీ. మచ్చ ఎక్కడో చూపించమంటోంది. నాకే దొరకడం లేదు."

"వెతక్కండమ్మా. దారి చూసి నడపండి," అన్నాడు.

చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, "వస్తానురా" అన్నాడు.

"అక్కని విసిగించకు," అన్నాడు బావమరిది.

బావ ఎండలో సందు మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి తిరిగాడు. షెడ్డులో చోటులేక బయటే నిలిపిన, రేపటి పనికొచ్చిన కారు వైపర్‌కి, రాయి మచ్చ మీద నీడ పడేలా, బావ గొడుగు తాడుతో కట్టి ఉంది.