పలకని నల్లమెట్టు

వరండా గచ్చు వాలుగా ఉండడంతో, సురేంద్ర టీపాయ్ మీద పెట్టిన తన చిన్న రికార్డు ప్లేయరు కింద పేపరు మడతపెట్టి దూర్చాడు. బెంగళూరులో పాత రికార్డుల్ని మళ్ళీ అచ్చువేసే కంపెనీ అతనిది. వాళ్ళమ్మది రావులపాలెం కావడంతో మాట మాత్రం ఇక్కడి మాటే.

"ఇది శాంపిల్ అండి. సార్ విని సరేనంటే వచ్చే వారం అట్ట ప్రింటింగుకిచ్చేస్తాం."

విజయ్ పాల్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వాలుకుర్చీలో కూర్చున్నారు. రిటైరైన హెడ్మాస్టరు, డెబ్బై ఆరేళ్ళ వయసు. ఆయన చెల్లెలు దేవకుమారి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తోంది. పెరట్లో ఉన్న ఒంటిగదిలో ఉంటుందామె. అన్నం మాత్రం అన్నగారింటి నుంచే, అన్నగారి కూతురు రూబీ పళ్ళెంలో పెట్టి తెచ్చిస్తుంది.

ముల్లు ఆనగానే ముందు గరగరలాడింది. తర్వాత శాక్సఫోన్ ఎత్తుకుంది, దాని వెనకాలే ఆర్గన్.

యాభై ఏళ్ళ కిందట మద్రాసులో తీసిన రికార్డది. శాక్సఫోన్ ఈ ఊరి బ్యాండుమేళం ఏసురాజుది. కాకినాడ రేవులో ఓడవాళ్ళ దగ్గర అమెరికా రికార్డులు విని, పెళ్ళి ఊరేగింపుల్లో కూడా అలాగే వాయించి తిట్లు తిన్న మనిషి. ఇప్పుడు లేడు. సోల్ జాజ్ అంటారట ఆ బాణీని. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో దానికి పేరే లేదు. ఆర్గన్ వాయించినది విజయ్ పాల్ అని పాత అట్ట మీద ఉంది.

ఆయన వాయించలేదు. దేవకుమారి వాయించింది. తోడు వెళ్ళిన అన్నగారు స్టూడియో బయట బెంచీ మీద కూర్చుని రెండు రోజులు పేపరు చదువుకున్నారు. పాస్టరు అయ్యగారి కూతురు బ్యాండుమేళం వాళ్ళ పక్కన కూర్చుని వాయించిందని తెలిస్తే భీమవరం సంబంధం తప్పిపోతుందని నాన్నగారు భయపడి, కొడుకు పేరు వేయించారు. ఆ సంబంధం ఎలాగూ కుదరలేదు. పేరు అలాగే ఉండిపోయింది.

ఇన్నాళ్ళూ దేవకుమారికి అదొక పెద్ద సంగతి అనిపించలేదు. రెండు నెలల కిందట రూబీ ఫోన్లో ఒకటి చదివి వినిపించింది. జపాన్లో ఎవరో ఆ రికార్డు గురించి రాస్తూ, 'ఆర్గన్ వాయించిన ఆయన ఇంకా బతికే ఉన్నారా?' అని అడిగారట. దేవకుమారి నోటిదాకా ఏదో వచ్చింది. లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసింది. అప్పట్నుంచీ ఆ ప్రశ్న ఆమె వెంటే తిరుగుతోంది.

ఇంతలో ఆ రికార్డు మళ్ళీ వస్తోందని విని సంఘ కమిటీ వాళ్ళు ఈ ఆదివారం ఆరాధన తర్వాత విజయ్ పాల్ గారికి సన్మానమన్నారు. ఆయన రెండు రోజులు వద్దన్నారు. మూడో రోజు ఫొటో ఇచ్చారు. ఇప్పుడు గేటుకి ఆయన నిలువెత్తు బ్యానరు వేలాడుతోంది.

మొదటి పాట అయిపోయింది.

"సార్, ఒకటి అడగాలండి," అన్నాడు సురేంద్ర. "రికార్డు మొత్తంలో ఒక నల్లమెట్టు మీరు ముట్టుకోనేలేదు. అది రావాల్సిన చోటల్లా దానికి అటూ ఇటూ ఉన్న తెల్లమెట్లు రెండూ ఒక్కసారే నొక్కి వదిలేశారు. వింటుంటే ఎక్కిళ్ళొచ్చినట్టు ఉంటుంది. మా ఇంజనీరు మూడు రోజులు కూర్చుని పట్టుకున్నాడు. అందరికీ పిచ్చెక్కుతోంది అదే. ఎందుకండి అలాగ?"

విజయ్ పాల్ గారు గొంతు సవరించుకున్నారు. కళ్ళజోడు తీసి తుడిచారు. "అదా... అది మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి బాబూ. కోతల్లో మొదటి పన గుడికి తెచ్చి ఇస్తాం చూడు, ప్రథమ ఫలం. అలాగే సంగీతంలో కూడా ఒక స్వరం దేవుడికి విడిచిపెట్టెయ్యాలన్నమాట."

"అబ్బ! ఇది అట్ట మీద వేసి తీరాలండి," సురేంద్ర గబగబా రాసుకున్నాడు.

దేవకుమారి చేతులు ఆగిపోయాయి.

పేరు పోతే పోయింది. కానీ ఆ మెట్టు ఆమెది. తొమ్మిదేళ్ళప్పటి నుంచి, కాళ్ళతో తొక్కే గుడి హార్మోనియం ముందు కూర్చుని, ఆ మెట్టు పలక్కపోతే పాట కుంటకుండా ఎలా దాటాలా అని తనంతట తను వెతుక్కున్న దారి. మద్రాసు స్టూడియోలో నిగనిగలాడే ఆర్గన్ మీద మెట్లన్నీ పలికాయి. అయినా వేళ్ళు దాన్ని దాటేసి పోయాయి.

"దేవుడికి కాదండి," అంది. "లోపల తోలు ఎలక కొరికేసింది."

సురేంద్ర పెన్ను ఆగింది. "ఏంటమ్మా?"

"మా గుడి హార్మోనియంలో ఆ మెట్టు పలికేది కాదు."

"కుమారీ!" అన్నారు విజయ్ పాల్ గారు.

ఆమె అన్నగారి వైపు చూడలేదు. "ఆ రెండో పక్క తిప్పి పెట్టండి బాబూ," అంటూ పీట టీపాయ్ దగ్గరికి జరుపుకుంది. పాట మొదలైంది. ఆమె వేళ్ళు చెక్క అంచు మీద నడిచాయి. ఎక్కడెక్కడ ఆ ఎక్కిలి రావాలో, వినిపించడానికి ఒక్క క్షణం ముందు రెండు వేళ్ళూ కలిసి చెక్క మీద పడుతున్నాయి. సురేంద్ర మొదట వేళ్ళని చూశాడు, తర్వాత ఆమె ముఖాన్ని. తర్వాత ఎటు చూడాలో తెలియక ప్లేయరు ఆపేశాడు.

"యాభై ఏళ్ళు నోరు మూసుకున్నదానివి," అన్నారు విజయ్ పాల్ గారు, "ఇంకొక్క వారం ఉండలేకపోయావా?"

"పేరు వరకూ అయితే ఉండేదాన్నే అన్నయ్యా."

ఆయన లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

సురేంద్ర నెమ్మదిగా చెప్పాడు. పాత అట్ట మీదా అగ్రిమెంటు మీదా ఉన్నది సార్ పేరే. ఆయన ఒప్పుకుని సంతకం పెడితే తప్ప మార్చడానికి లేదు. రాజమండ్రిలో పని చూసుకుని నాలుగింటికి వస్తానని, పేరు మార్చడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి రూబీ చేతికిచ్చి వెళ్ళాడు.

మధ్యాహ్నం రూబీ పళ్ళెం తెచ్చింది. "నాన్న అన్నం ముట్టుకోలేదత్తా. గేటు వైపు చూస్తూ కూర్చున్నారు."

"నువ్వేమంటావే?"

"నేనేమంటాను? నీ పేరు రావాలనే ఉంది. ఆదివారం గుళ్ళో మా నాన్న ముఖం ఎవరైనా చూసి నవ్వితే మాత్రం నేను తట్టుకోలేను."

దేవకుమారి పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంది. ముద్ద ఎత్తలేకపోయింది.

మూడు దాటాక పెరట్లో చెప్పుల చప్పుడైంది. ఎప్పుడూ ఆ గదికి రాని మనిషి, గడపలో నిలబడ్డారు. చేతిలో కాగితం.

"ఏ మెట్టే అది?"

ఆమె కిటికీ చెక్క మీద వేలు పెట్టి చూపించింది. "మధ్యలో, మూడు నల్లవి ఉంటాయి చూడు. అందులో రెండోది."

ఆయన ఆ చెక్కనే చూస్తూ ఉండిపోయారు, అక్కడ నిజంగా మెట్లున్నట్టు. "కమిటీ సెక్రటరీగా ఉన్నప్పుడు ఆ హార్మోనియం పాతబడిందని బాగుచేయించింది నేనే. ప్రతి ఆదివారం ముందు వరసలోనే కూర్చున్నాను. ఒక మెట్టు పలకట్లేదని నాకెప్పుడూ తెలీలేదు."

"ఎవరికీ తెలీకుండానే వాయించేదాన్ని అన్నయ్యా. తెలిస్తే తప్పు వాయించినట్టే కదా."

ఆయన కాగితం మంచం మీద పెట్టారు. సంతకం ఉంది. హెడ్మాస్టరు సంతకంలా లేదు, గీతలు అటూ ఇటూ పోయాయి.

"ఆదివారం నేను గుడికి రావట్లేదు. వాళ్ళకి ఏం చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో."

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆరాధన మానింది లేదు. జ్వరంతో కూడా శాలువా కప్పుకుని వచ్చేవారు. "అన్నయ్యా," అని పిలిచింది. ఆయన ఆగలేదు.

నాలుగింటికి గేటు దగ్గర ఆటో ఆగింది. దేవకుమారి కాగితం పట్టుకుని వెళ్ళింది. ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం వేళ్ళు వదల్లేదు. సురేంద్ర లాక్కోకుండా చెయ్యి చాచి నిలబడ్డాడు. తర్వాత వదిలేసింది.

"మీ పూర్తి పేరెలా రాయాలమ్మా?"

చెప్పింది. అతను రెండుసార్లు చదివి వినిపించి వెళ్ళిపోయాడు.

రూబీ స్టూలెక్కి బ్యానరు తాళ్ళు విప్పుతోంది. ఒక పక్క ముడి ఊడి రావడంతో బ్యానరు వాలిపోయింది. దేవకుమారి గబుక్కున ముందుకు వెళ్ళి, అన్నగారి ముఖం మట్టికి తగలకుండా రెండు చేతులా పట్టుకుంది.