నిన్నటి మాట ఉన్న కుర్చీ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా కట్టుడు పళ్ళు నన్నే కరవాలి. అంతా నిజం. ఆ మాటకొస్తే తగ్గించే చెబుతున్నాను, పూర్తిగా చెబితే నువ్వు నమ్మవు.

లిఫ్టులు బాగుచేసే ఒకతను ఉండేవాడు. పొద్దున్నే గ్రీజు డబ్బా, స్పానర్ల సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరేవాడు, సాయంత్రానికి మోచేతుల దాకా నల్లగా తిరిగొచ్చేవాడు. మంచివాడు, పనిమంతుడు. మాట మాత్రం ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఇవాళ పదింటికి ఒకచోట నిలబడి ఏదైనా అంటే పెదాలు కదిలేవి, అంతే. రేపు పదింటికి, సరిగ్గా అక్కడే, అతనున్నా లేకపోయినా ఆ మాట వినబడేది. దానికెవరూ వింతపడలేదు. కూరల దుకాణంలో గాలిలోంచి "అరకిలో టమాటాలు" అని వినబడగానే దుకాణంవాడు తూచి పక్కన పెట్టేవాడు. పనిలో అతను ఈల వాడేవాడు, అది వేళకే వచ్చేది. రాసి చూపించొచ్చుగా అంటావేమో. అతని రాత చూస్తే కోడి కూడా సిగ్గుతో తల దించుకుంటుంది.

అతని భార్య కట్టుడు పళ్ళు చేసేది. మైనం కరిగించి, అచ్చు తీసి, మనిషి రంగుకి తగిన పన్ను వెతికి ఒక్కొక్కటే అమర్చేది. ఊళ్ళో అరవై దాటినవాళ్ళ నవ్వులన్నీ ఆవిడ బల్లమీద పుట్టినవే. ఆ పళ్ళు ఎంత గట్టివంటే, ఒకాయన పరధ్యానంలో చెంచా కూడా నమిలి మింగి, కాస్త ఉప్పు తక్కువైందన్నాడు.

కాపురం బాగానే సాగింది. భోజనాల దగ్గర ఆవిడ ఇవాళ్టి మాట మాట్లాడేది, అతని నిన్నటి మాట వినేది. పోట్లాటలే కుదిరేవి కావు. ఆవిడ కోపం చల్లారి నవ్వుతూ వడ్డిస్తున్నప్పుడు నిన్నటి అరుపు వచ్చి కంచంలో పడేది.

అలా ఉండగా వేరే ఊళ్ళో పెద్ద పళ్ళ ల్యాబువాళ్ళు ఆవిడను రమ్మన్నారు. అక్కడ పనిచేసే అందరిమీదా పెద్దగా. ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మొగుణ్ణి అడిగింది: "వెళ్ళనా, ఉండనా?"

అతను నోరు తెరవలేదు. తలా ఊపలేదు. వెళ్ళనా ఉండనా అంటే తల ఎటు ఊపినా తప్పేగా! మర్నాడు ఆవిడ అదే వేళకు చెవులు రిక్కించుకుని కూర్చుంది. కుళాయి చుక్కలు తప్ప ఏమీ వినబడలేదు.

"సరే. ఆదివారం రైలుకి వెళ్ళిపోతున్నా. అప్పటిదాకా నా స్నేహితురాలింట్లో ఉంటా," అని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

ఏం చెప్పాలో అతనికి తేలలేదు. ఎవరో చెబితే, సలహాలిచ్చే మేడొకటి ఉందని అక్కడికి వెళ్ళాడు.

అక్కడ ఎదురెదురుగా రెండు తలుపులు. ఎడమ తలుపుమీద "తాత్విక సలహాలు" అని ఇత్తడి బోర్డు. కుడి తలుపుమీద "మానసిక చికిత్స" అని, దానికంటే జానెడు పెద్ద బోర్డు. లోపల కూర్చునేవాళ్ళు బావా బావమరుదులు. తత్వంవాడి అక్కని చికిత్సవాడు చేసుకున్నాడు. ఇద్దర్నీ ఇంట్లో భరించింది చాలదన్నట్టు, ఆ అక్కే మధ్య హాల్లో బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళకు వేళలిస్తూ కూర్చునేది.

తత్వం ఎప్పుడూ అనేవాడు: "నా దగ్గరికొచ్చేవాళ్ళు రోగులు కారు. జీవితం గురించి ఒక ప్రశ్న ఉన్నవాళ్ళు. ఇద్దరం కలిసి ఆలోచిస్తాం." వినడానికి బాగానే ఉంటుంది. కలిసి ఆలోచించడమంటే ఆయన ఆలోచించడం, వచ్చినవాడు ఆయన గడ్డం చూడటం. ఒక్కో ప్రశ్న ఎంత పొడుగంటే, అది మొదలైనప్పుడు నున్నగా గీసుకున్న గడ్డం, పూర్తయ్యేసరికి మళ్ళీ గీసుకోవాల్సొచ్చేది. అడిగేశాక జవాబు కోసం ఆగడు. తన ప్రశ్నను తానే మెచ్చుకుంటూ కళ్ళు మూసుకుంటాడు.

చికిత్స దానికి అనేవాడు: "ప్రశ్నట, నా మొహం! లోపల గాయం ఉంటుంది. అది మానితే ప్రశ్న దానంతటదే రాలిపోతుంది." అదీ బాగానే ఉంటుంది. కాని ఈయన ఏమీ అడగడు. "ఊఁ" అంటాడు. ఆయన ఊఁలు పోగేస్తే గోదాము చాలదు. అయిదో ఊఁకి కన్ను మూతపడుతుంది, పదో ఊఁ గురకలోంచి వస్తుంది.

లిఫ్టు మనిషి సంగతంతా బల్ల దగ్గరి అక్కే తమ్ముడికి చెప్పింది. ఆవిడ నోట్లో ఉన్నవి అతని భార్య చేసిన పళ్ళే మరి. "ఒరేయ్ తమ్ముడూ, ఆయన మాట రేపొస్తుంది. రేపు అదే వేళకి ఆగి వినరా," అని కూడా చెప్పింది.

"ప్రశ్న ముఖ్యం అక్కా. జవాబులు రాసుకోవడం గుమాస్తాల పని," అన్నాడు తత్వం.

మంగళవారం పదకొండింటికి లిఫ్టు మనిషిని కూర్చోబెట్టి, గది అదిరేలా ప్రశ్నించాడు. అతను పెదాలు కదిపాడు. తత్వం కళ్ళు తెరిచి తేల్చేశాడు: "మాట ఆలస్యమంటే అది గాయమే. నా పరిధి కాదు. ఎదర గదిలో మా బావ ఉన్నాడు, వెళ్ళండి."

బుధవారం పదకొండింటికి చికిత్స ఊఁకొట్టి, నిద్రపోయి, లేచి తేల్చేశాడు: "గాయమేం లేదు. మాట వస్తోందిగా, కాస్త ఆలస్యంగా. వెళ్ళనా ఉండనా అన్నది తాత్విక ప్రశ్న. మా బావమరిది ఖాళీగానే ఉంటాడు, అక్కడికే వెళ్ళండి."

ఆ బుధవారమే తత్వం గదిలో ఇంకో వింత జరిగింది. దేవుడు ఎందుకు మాట్లాడడో తేల్చుకోవాలని రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయన ఆవేశంగా అడుగుతుంటే చెవి పక్కనే ఒక గొంతు, "ఊరికే అరవకండీ, నాకు వినబడుతూనే ఉంది," అంది. హెడ్మాస్టరు లేచి, కళ్ళు తుడుచుకుని, హాయిగా ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నికరంగా వచ్చే బేరం పోయిందని తత్వం మండిపడి, ఇక లిఫ్టు మనిషి వచ్చిన మర్నాడల్లా పదకొండింటికి ఆ కుర్చీ ఖాళీగా ఉంచేసి టీకి వెళ్ళిపోవాలనుకున్నాడు.

గురువారం లిఫ్టు మనిషి మళ్ళీ తత్వం దగ్గర. శుక్రవారం మళ్ళీ చికిత్స దగ్గర. వాలీబాల్‌ని కూడా అలా కొట్టరు.

శుక్రవారం పొద్దున భార్య ఆ హాల్లోకి వచ్చింది. బల్ల దగ్గరి అక్కకి పై వరస చిగురుకి ఒరుసుకుంటోందట, ఊరు వెళ్ళేలోపు అరగదీసి ఇద్దామని. అప్పటికే మొగుడు కుడి గదిలో ఉన్నాడు. ఆవిడకు తెలియదు.

అక్క పళ్ళు పెట్టుకుని, టకటక కొట్టి చూసుకుని, "వెళ్ళేముందు మా తమ్ముడితో ఒకసారి మాట్లాడి చూడమ్మా," అంది.

"మీ తమ్ముడితో మాట్లాడి బాగుపడ్డవాళ్ళున్నారా వదినా?"

"వాడు ఏమన్నా పట్టించుకోకు. కుర్చీలో కూర్చో, చాలు."

పదకొండవుతోందని టీకి బయల్దేరిన తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, ఆవిడని లోపల కూర్చోబెట్టింది. తత్వం గొంతు సవరించుకున్నాడు. "అసలు వెళ్ళడమంటే ఏమిటి? వెళ్ళేవాళ్ళు నిజంగా వెళ్తారా, లేక..." అని మొదలుపెట్టి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ఆవిడ చెవి దగ్గర, ఆవిడ కూర్చున్న కుర్చీలోంచే, మొగుడి గొంతు వచ్చింది.

"ఉండమంటే ఉండిపోతుందండీ. ఉండిపోయి, బతికినంతకాలం నవ్వుతూనే నామీద పళ్ళు నూరుతుంది. వెళ్ళమంటే, వదిలించుకున్నాడు అనుకుంటుంది. నేనూ వెంట వస్తానని చెప్పాలనుంది. ఆ ఊళ్ళో మాత్రం లిఫ్టులు చెడిపోవా? కాని ఆవిడ వెళ్ళేది పని కోసమో, నాకు దూరంగా ఉండటానికో నాకు తెలీదు. నన్ను రమ్మనలేదుగా. నిన్నటి మాటలతో కాపురం చేసి చేసి విసిగిపోయిందేమో. అందుకే నోరు తెరవలేదు."  తర్వాత, "ఇదంతా మీకెందుకు చెబుతున్నానో. మీరు కళ్ళే మూసేసుకున్నారు."

తత్వం కళ్ళు తెరిచాడు. పుట్టాక ఒక జవాబు పూర్తిగా వినడం అదే మొదలు. మొహం పాలిపోయింది.

"ఇక్కడ మనం ఒక మౌలికమైన..." అన్నాడు.

"మీరు కాసేపు నోర్మూసుకోండి సార్," అంది ఆవిడ, చాలా మర్యాదగా. "మీరు అడుగుతారు, వినరు. ఎదరాయన వింటున్నట్టు కూర్చుంటాడు, అడగడని మీ అక్కే చెప్పింది. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషికి సరిపోతారేమో!"

బయటికొచ్చి, "మా ఆయన ఎక్కడున్నాడు వదినా?" అంది. అక్క గడ్డంతో కుడి తలుపు చూపించింది. ఆవిడ తలుపు తోసింది. చికిత్స కునుకులోంచే "ఊఁ" అన్నాడు.

"వెంట రావడమేంటి, మొద్దావతారం? పక్కన రాలేవా?" అని మొగుడి మీద పడింది. "నిన్ను వేరే పిలవాలా? నువ్వు సంచీ సర్దుకుంటావని చూస్తూ కూర్చున్నా! విసిగాననుకున్నావా? విసిగాను. నీ మాట ఆలస్యమని కాదు, పోట్లాట కుదరక. రైలెక్కు చెప్తా. అక్కడ నువ్వేమన్నా పట్టాలమీదే ఉండిపోతుంది, ఊరు చేరేదాకా నేనొక్కదాన్నే తిట్టొచ్చు."

అతను గబగబా ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి.

"అది వినడానికి రేపు మళ్ళీ ఇక్కడికి రాలేను. తల ఊపు."

ఊపాడు. ఎంత గట్టిగా ఊపాడంటే గోడమీది డిగ్రీలన్నీ వంకరపోయాయి. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగిపోయారు. ఆదివారం రైలుకి వెళ్ళనే వెళ్ళారు, పక్కపక్క సీట్లలో.

వాళ్ళటు వెళ్ళారో లేదో బావా బావమరుదులు హాల్లో పడ్డారు.

"ఇది తత్వం సాధించిన విజయం, బావా! నా కుర్చీలోనే సమాధానం దొరికింది."

"నీ కుర్చీలో దొరికింది దుమ్ము! తల ఊపింది నా గదిలో. గాయం మానింది ఇక్కడ."

"నువ్వు నిద్రపోతున్నావ్!"

"నా నిద్రే చికిత్స!"

ఇంకా పెద్ద బోర్డు రాయించుకోవాలని ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. బోర్డులు రాసేవాడి దగ్గరికి ముందు ఎవరు చేరాలా అని తోసుకుంటూ ఒకే లిఫ్టులో దూరారు. అది రెండంతస్తుల మధ్య కిర్రుమని ఆగిపోయింది.

శనివారం పదకొండు దాటాక చికిత్స ఖాళీ గదిలోంచి లిఫ్టు మనిషి మాట వచ్చింది: "మెట్లమీంచే దిగుదాం. ఈ లిఫ్టుకి తాడు పట్టేస్తోంది, పడదుగాని ఇరుక్కుంటుంది. ఆ పెద్దమనుషుల్ని ఎక్కొద్దని చెప్పు."

అక్క వింది. అప్పటికింకా అతను ఊళ్ళోనే ఉన్నాడు, కబురు పెట్టొచ్చు. ప్రయాణం హడావిడిలో ఉన్నవాళ్ళని ఇబ్బంది పెట్టడం దేనికిలే అనుకుంది. పెళ్ళయ్యాక ఆ హాల్లో అంత ప్రశాంతంగా ఆవిడెప్పుడూ టీ తాగలేదట. ఆకలి వేళకి సందులోంచి రొట్టె ముక్కలు జారవిడుస్తోంది. లోపల ఇద్దరికీ వాదన ఇంకా తెగలేదు. ఒకడు అడుగుతూనే ఉన్నాడు, ఒకడు ఊఁకొడుతూనే ఉన్నాడు.

ఏంటలా నోరు తెరుచుకుని చూస్తావు? లే, చెప్పులేసుకో. బజారులో ఇంకో లిఫ్టు మనిషి ఎవరైనా దొరుకుతాడేమో చూసి తీసుకెళ్ళు. పరిగెత్తకు, మెల్లగానే వెళ్ళు. ముందు ఆ అక్కనొక మాటడుగు, ఇవాళే కావాలా అని.