ఐదు కలిపి చెప్పు

“మునిగిపోతా ఉండాం! పద్నాలుగు డిగ్రీల పదిహేడు నిమిషాలు... పదిహేడు!”

ఉదయం తొమ్మిదింటికి వైర్‌లెస్ సెట్లో, పదహారో ఛానల్ మీద పోలేరయ్య అరిచిన అరుపు అది. బోటులో నలుగురు. సముద్రంలో ప్రాణం మీదికొస్తే అరవాల్సిన ఛానల్ అదే. కోస్ట్ గార్డు విన్నది, చుట్టుపక్కల బోట్లన్నీ విన్నాయి. నేనూ విన్నాను. పోలేరయ్యలాగే నేనూ ఓనరు ప్రసాద్ దగ్గర బోటు డ్రైవర్ని.

మాకు సొంతానికి చిన్న తెప్ప కూడా లేదు. బోట్లన్నీ ప్రసాద్‌వి. బోట్లు అతనివైతే సెట్లో మా నోళ్ళూ అతనివే. చేపలు పడే చోటు వేరే ఓనర్లకి తెలియకూడదని మాకొక పద్ధతి నేర్పాడు. ఎప్పుడు ఎక్కడున్నావని అడిగినా ఉత్తర అక్షాంశానికి ఐదు నిమిషాలు కలిపి చెప్పాలి. అంటే సముద్రం మీద తొమ్మిది కిలోమీటర్ల అబద్ధం. ఎనిమిదేళ్ళుగా రోజూ అదే చెబుతున్నాం.

అందుకే నాకు అనుమానం వచ్చింది. పోలేరయ్య చెప్పింది నిజమేనా, కలిపి చెప్పాడా? తిరిగి పిలిస్తే పలకలేదు. మా బోట్ల ఛానల్లో, ఒడ్డున షెడ్డులో సెట్టు దగ్గరున్న ఓనర్ని పిలిచాను.

“సార్, పోలేరయ్య కలిపి చెప్పినాడేమో! రెండు చోట్లా ఎతకమని కోస్ట్ గార్డుకి చెప్తా.”

“నోరు ముయ్‌రా! చచ్చేటప్పుడు ఎవుడన్నా కలుపుతాడా? పదహారులో ఆ మాటన్నావంటే రేపట్నుంచి బోటెక్కవు.”

నోరు మూసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. పదిహేడుకే పోయాను. కోస్ట్ గార్డూ అక్కడికే వచ్చింది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేక బోటు దక్షిణానికి తిప్పాను. పద్నాలుగు పన్నెండు దగ్గర, వల బెండ్లు పట్టుకుని ముగ్గురు తేలుతున్నారు. పోలేరయ్య లేడు.

“కలిపేసినాడన్నా,” అని ఏడ్చాడు ఆ ముగ్గురిలో ఒకడైన టైటస్. “నోటికి అదే అలవాటు. అయ్యో తప్పు చెప్తినే అని మళ్ళా మైకు పట్టుకునే లోపల సెట్లోకి నీళ్ళొచ్చేసినాయి.”

మూడో రోజు శవం ఒడ్డుకొచ్చింది. నాలుగో రోజు ఓనరు రేవులో అందర్నీ నిలబెట్టాడు.

“తప్పు నంబరు చెప్పింది వాడే. పద్ధతి మారదు. ఇష్టం లేనోడు బోటెక్కొద్దు.”

బోటెక్కకపోతే ఎక్కడికి పోతాం? ఎదురుగా సముద్రం, వెనక అతని షెడ్డు.

పోలేరయ్య భార్య పెంచలమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది. నేరుగా షెడ్డులోకి పోయి సెట్టు మైకు అందుకుంది.

“పద్నాలుగు పన్నెండు. నా మొగుడు సచ్చిన చోటు ఇది. ఐదు కలపలా. బోట్లోళ్ళంతా ఇనండి.” మా వైపు తిరిగింది. “మీరు యాడ వల ఏస్తా ఉండారో మీరూ చెప్పండి. రేపు మీరు అరిస్తే నిజమని ఎవురు నమ్మాల?”

ముందు టైటస్ కదిలాడు. తర్వాత డ్రైవర్లు. ఓనరు ఎనిమిదేళ్ళు దాచుకున్న చోట్లన్నీ ఒక్కొక్కరే మైకులో చెప్పడం మొదలుపెట్టారు. వరస షెడ్డు దాటి ఇసుకలోకి వచ్చింది. ఓనరు పోలీసులకి ఫోన్ చేశాడు.

జీపు వచ్చేసరికి వరసలో నా ముందు ఇద్దరే ఉన్నారు. ఓనరు నన్ను చూపించాడు. ఎస్సై నా రెక్క పట్టుకుని లాగాడు. మైకు దగ్గరున్న డ్రైవరు నన్నొకసారి చూసి, గొంతు పెంచి, తన నంబరు మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు.