పై వరస

పళ్ళలో ఏది ఇరుక్కున్నా మా అమ్మ సింహాచలమ్మ పుస్తెలతాడుకి వేలాడే పిన్నీసు తీసి పొడుచుకునేది. చూస్తే నాకు ఒళ్ళు మండేది. చిగుళ్ళు వాచి రక్తం వస్తుంటే ఒకరోజు సుపేలా బజారులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను. అక్కడ కూడా నొప్పంటూ నోరు సగమే తెరిచింది. డాక్టరమ్మ నాకు పళ్ళ సందులు తుడిచే దారం డబ్బీ ఇచ్చి, వాడే తీరు చూపించి, వాపు తగ్గాక మళ్ళీ రమ్మంది. అమ్మ మళ్ళీ రానంటే రానంది.

ఇక ఆ పని నేనే పెట్టుకున్నాను. సాయంత్రం వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, మూరెడు దారం రెండు నడిమి వేళ్ళకి చుట్టుకునేదాన్ని. చిగురు మీదికి టక్కున దించకూడదు. మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ దించి, పన్నుని వాటేసుకునేలా వంచి, పైకీ కిందికీ తుడవాలి. ప్రతి సందుకీ కొత్త దారం జరపాలి.

అమ్మ తల వంచుకునే చేయించుకునేది. కింది వరస అవగానే మూతి ముడిచేసేది.

"పై వరసొద్దులే నీలూ. కిందవి సాలు."

మొండితనం అనుకున్నాను. అమ్మకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. విజయనగరం నుంచి వచ్చిన అమ్మ ఈడు ఆడవాళ్ళు మా క్వార్టర్ల వెనక చేరి అలాగే కాల్చేవాళ్ళు. నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల దగ్గర మింగే పొగ ఈ ఇంటికి చాల్లేదా అని దెప్పేదాన్ని. అమ్మ పెదాలు విప్పకుండా నవ్వేది.

ఒక ఆదివారం మాంసం పీచు పై పళ్ళలో ఇరుక్కుంది. మళ్ళీ పిన్నీసు. లాగేసుకుని, గడ్డం పట్టుకుని, ముఖం వెలుగుకి ఎత్తాను.

అంగిలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మధ్యలో ఎర్రటి పుండు.

"ఎప్పట్నుంచమ్మా?"

"పోయిన ఎండల్నుంచి. మీ అమ్మమ్మకీ అక్కడే వొచ్చింది. నాకు తెల్దేటి."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే సుట్ట మానిపించేత్తారు కదేటి."

చుట్టల కట్ట తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే ఏడ్చాను.

రాయపూర్ క్యాన్సరు ఆసుపత్రి డాక్టరు పై దవడ ఒక పక్క పళ్ళతో సహా తీసేయాలన్నాడు. తీసినా బతుకుతుందని మాట ఇవ్వలేనన్నాడు.

ఆసుపత్రిలో చేరే రోజు పొద్దున్న, నాన్న గుమ్మం ముందు ఆటోలో బట్టల సంచీ పెడుతున్నాడు. అమ్మ వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది.

"దారం తే."

"రేపు తీసేసే పళ్ళకి ఇప్పుడు దారమెందుకే అమ్మా?"

"పోయేవి పాసితో పోవాలేటి? సుబ్బరంగా పోనీ."

తల వెనక్కి వాల్చి, మొదటిసారి తనంతట తాను నోరు పూర్తిగా తెరిచింది. పుండు మీద చెయ్యి పడకుండా పై వరస మొదలుపెట్టాను. దారం జరిపి, వంచి, తుడిచి, మళ్ళీ జరిపాను. అమ్మ కళ్ళు మూసుకుని నా మోచెయ్యి పట్టుకుంది.

దారిలో కుమ్హారి దగ్గర రైలు గేటు పడితే ఆలస్యమైపోతుందని నాన్న బయటి నుంచి కేకేశాడు.

"ఒక్క పన్నుంది, ఉండు నాన్నా," అన్నాను. కొత్త దారం వేలికి చుట్టుకున్నాను.