పైన ఎంతుంది?

మొదటి వరద రోజు సైరన్ తాళంచెవి గేజి బాబాయి జేబులోనే ఉంది.

వంతెన కింద గేజి స్తంభం మీద అంకెలు చూసి, ఏట్లో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో గంటకోసారి కంట్రోల్ రూముకు ఫోన్‌లో చెప్పడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాడు. పై జలాశయంలో ఎంతుందని ఒక్కసారి అడిగాడు. అది నీ పని కాదన్నారు. పన్నెండు అడుగులు దాటితే సైరన్ మోగించాలి. కానీ ఆర్డర్ రావాలి.

ఆ ఉదయం పైన జలాశయం గేట్లు ఎత్తారు. గంటలో నీళ్లు పదకొండు నుంచి పద్నాలుగు అడుగులకు పెరిగాయి. "మోగించనా సార్?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "ఆగు" అన్నారు. ఆర్డర్ వచ్చేసరికి ఇటుక బట్టీల వరుసలో ఏడుగురు చనిపోయారు. అక్కడ ఇటుకలు కోసే బట్టీ అక్క కొడుకు అందులో ఒకడు.

"ముందే తెలుసా బాబాయ్?" అనడిగింది ఆమె.

అతను తల దించుకున్నాడు.

పది రోజులకు బడి వరండాలో మీటింగు. జలాశయం ఇంజనీరు పట్టిక విప్పాడు. ఈ తేదీకి జలాశయం నిండుగా ఉండాలని అందులో రాసి ఉంది.

"ఎప్పుడు రాశారు సార్ అది?" అంది బట్టీ అక్క.

"నలభై ఏళ్లయింది."

"ఇప్పుడు పడే వానకి ఎవరైనా చదివి వినిపించారా?"

జనం నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు.

"జలాశయంలో నీళ్లు రెండు మీటర్లు దించండి. వానొస్తే పట్టడానికి చోటుండాలి కదా," అంది ఆమె.

"దించితే ఫ్యాక్టరీలకి నీళ్లు చాలవమ్మా. నా చేతుల్లో లేదు. పైకి రాస్తాను."

"మా పిల్లల్ని ఎక్కడికి రాయమంటారు?"

ఇంజనీరు పట్టిక మడిచాడు. జలాశయం దించలేదు. ఆ రోజు నుంచి బట్టీవాళ్లు వంతులేసుకుని గేజి గది గుమ్మంలో కూర్చున్నారు.

మళ్లీ మబ్బు పట్టింది. మధ్యాహ్నం రెండింటికి నీళ్లు పన్నెండు అడుగులు దాటాయి. ఫోన్‌లో "ఆగు" అన్న మాట గుమ్మందాకా వినిపించింది.

"తాళంచెవి ఇస్తావా, లాక్కోమంటావా?" అంది బట్టీ అక్క.

"లాక్కోవద్దు తల్లీ. నేనే తీస్తా."

సైరన్ మోగింది. పిల్లల్నీ ముసలివాళ్లనీ ఎత్తుకుని అందరూ గట్టెక్కారు. తమ ఇళ్లు ఒక్కొక్కటీ కూలుతుంటే అక్కడి నుంచే చూశారు. చెయ్యగలిగింది ఏమీ లేదు.

మర్నాడు ఉదయం జీపు వచ్చింది.

"ఆర్డర్ లేకుండా ఎవడు మోగించమన్నాడు?" అన్నాడు ఎస్సై.

"మొన్న ఏడుగురిని మోశాను సార్," అన్నాడు గేజి బాబాయి. జీపెక్కించారు.

గదిలో ఫోన్ మోగింది. గట్టు మీది జనం అటు తిరిగారు. జీపులోంచి అతనూ చూశాడు. బట్టీ అక్క లోపలికి వెళ్లి ఎత్తింది.

"గేజి ఎంతుంది?" అంది అవతలి గొంతు.

"పదమూడున్నర. పైన ఎంతుంది?"

"ఎవరది? ఫోన్ పెట్టెయ్!"

"పెట్టం. ఇక్కడ నూట నలభై మందిమి ఉన్నాం. పైన ఎంతుందో చెప్పు."

జీపు కదిలింది. గుమ్మానికి అడ్డంగా జనం వరుస కట్టి నిలబడ్డారు. వాన మొదలైంది. ఆమె రిసీవర్ దించలేదు.

"చెప్పు. పైన ఎంతుంది?"