నిస్సీ గురించి సాక్ష్యం

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మాట కృపామణికి ఒక్కసారికే అర్థమైంది. రెండేళ్ల నిస్సీకి రెండు చెవులూ వినపడవు. ఆ సంగతి వడమాలపేటలో ఎవరికి ఎట్లా చెప్పాలన్నదే ఆమెకు అంతుబట్టలేదు.

భర్త ఏబెల్ తన ఆటోలో ఇద్దరినీ ఇంటికి తీసుకొచ్చాడు. అత్త తిరుమలమ్మ వినీ వినగానే తీర్పు చెప్పేసింది.

"ఎవురికీ సెప్పొద్దు. పెద్దయితే అదే సర్దుకుంటాది."

రెండు వారాలు దాచారు. చుట్టాలు ఫోన్ చేసి "బిడ్డ మాట్లాడతా ఉండాదా?" అంటే, "జలుబు చేసుండాది" అనేవాడు ఏబెల్. ఇన్నాళ్ల జలుబేమిటని అతని మేనత్త కషాయం కాచుకొచ్చి ఎదురుగా కూర్చుంది. జలుబు తనకేనని మాట మార్చి, ఏబెల్ దాన్ని గటగటా తాగేశాడు.

కృపామణికి విసుగొచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరు ప్రేమానందం "దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు..." అన్నాడో లేదో, లేచి మైకు అందుకుంది.

"మా నిస్సీకి సెవుడు. పుట్టినప్పట్నించీ. నేను గ్రహణంలో తిరగలేదు, మా ఆయన పామును కొట్టలేదు. ఇది ఎవురి పాపమూ కాదు. వచ్చే నెల సెవులకు మిషన్లు పెడతారు. తెల్లగడ్డ నూనె పొయ్యమనేటోళ్లు మీ సెవుల్లోనే పోసుకోండి. ఈడ నాలుగు స్పీకర్ల మధ్య నిద్రపోతాదే, దేవుని బిడ్డ అని మెచ్చుకుంటిరి గదా? అదీ సంగతి."

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. ప్రేమానందం పాప తలపై చెయ్యి పెట్టి, పైకప్పు రేకులు అదిరేలా ప్రార్థన అందుకున్నాడు. ముందు వరుసలో ముసలాయన చెవులు మూసుకున్నాడు. నిస్సీ మాత్రం పాస్టరు టై పట్టుకుని హాయిగా నములుతోంది.

బయటికి రాగానే పక్కింటి సిద్ధమ్మ పట్టుకుంది. "అయ్యో, ఆడబిడ్డ! రేపు దీన్నెవురు సేసుకుంటారు?"

కృపామణి ఆమె వైపు తిరిగేలోపే తిరుమలమ్మ ముందుకొచ్చింది.

"నీ కొడుక్కు రెండు సెవులూ బాగుండాయి గదా, పెండ్లాం మాట ఒక్కటన్నా ఇంటాడా? పో పో!"

ఏబెల్ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆటో వెనక్కి పోయి, కండువాలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. కృపామణి అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

తిరుమలమ్మ మనవరాలిని ఎత్తుకుని ఆటోలో కూర్చుంది. కోడలిని పిలిచింది.

"ఏమ్మా, ఆ మిషన్లకు నీళ్లు తగలకూడదంటనే. మరి తలకు పోసేదెట్లా?"

"తీసేసి పొయ్యాలత్తా."

"ఆ, అట్లయితే సరే. బండి పోనీమను. బిడ్డకు ఆకలేస్తాంది."